దీర్ఘ పనిగంటలు – ఆరోగ్యం, నిద్ర: ఉత్తర తెలంగాణ శ్రామిక కుటుంబాల నేపథ్యంలో ఒక అధ్యయనం

సారాంశం

పనిగంటల పరిమితి అనగానే మనకు కర్మాగారమో, కార్యాలయమో గుర్తుకు వస్తుంది. ఉత్తర తెలంగాణలో గని, మగ్గం, బీడీ చాట, పత్తి చేను అనేవి తరచుగా ఒకే కుటుంబంలోని వేర్వేరు సభ్యుల, కొన్నిసార్లు ఒకే వ్యక్తి యొక్క పనిస్థలాలు. వీటిలో కొన్నింటికి చట్టబద్ధమైన గంటల పరిమితి ఉంది, కొన్నింటికి లేదు. సుదీర్ఘ పనిగంటలు నిద్రను, తద్వారా గుండె, మెదడు, జీవక్రియలను ఎట్లు దెబ్బతీస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వృత్తులను ఉదాహరణలుగా తీసుకొని, విస్తరణ శాస్త్రవేత్తలు తమ సిఫారసులలో పనిగంటలను కూడా ఒక కొలమానంగా ఎందుకు చేర్చుకోవాలో చర్చిస్తుంది.

పరిచయం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ నుండి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడినవి. గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఈ ప్రాంతంలో వరి, పత్తి, మొక్కజొన్న, సోయాచిక్కుడు, పసుపు ప్రధాన పంటలు. వీటికి తోడు రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ప్రాంతాలలో సింగరేణి బొగ్గు గనులు, సిరిసిల్లలో మరమగ్గాలు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ పరిసరాలలో ఇంటివద్ద బీడీలు చుట్టే పని జీవనాధారాలుగా ఉన్నవి.

పనిగంటలను పరిమితం చేయాలనే ఆలోచన కొత్తది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఆమోదించిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమలలో పనిగంటల గురించినది. రోజుకు 8, వారానికి 48 గంటలు అన్నది దాని సూత్రం. అయితే అందులోనే బ్రిటిష్ ఇండియాకు వారానికి 60 గంటల ప్రత్యేక నిబంధనను చేర్చారు. స్వాతంత్ర్యానంతరం 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటల పరిమితిని, ఏకధాటిగా 5 గంటలకు మించి పనిచేయించక కనీసం అరగంట విరామం ఇవ్వాలనే నియమాన్ని నిర్దేశించింది. 1952 గనుల చట్టం భూగర్భ పనికి రోజుకు 8 గంటల పరిమితి పెట్టింది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానా ఆవరణలో పనిచేసేవారికి రోజుకు 9, వారానికి 48 గంటలని చెప్పింది. ఇంటి గడపలో కూర్చొని బీడీలు చుట్టే స్త్రీకి గానీ, సొంత చేనులో పనిచేసే రైతుకు గానీ ఈ గంటల లెక్క వర్తించలేదు. ఎవరూ లెక్కించని ఆ గంటలే ఈ అధ్యయనానికి కేంద్రం.

దీర్ఘ పనిగంటలు: అంతర్జాతీయ ఆధారాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021 మే నెలలో ప్రకటించిన అంచనా ప్రకారం, 2016లో ప్రపంచవ్యాప్తంగా 48.8 కోట్ల మంది వారానికి 55 గంటలు లేదా అంతకు మించి పనిచేశారు. ఆ కారణంగా పక్షవాతంతో 3.98 లక్షల మంది, గుండెజబ్బుతో 3.47 లక్షల మంది, మొత్తం 7.45 లక్షల మంది మరణించారు. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోల్చినప్పుడు, 55 గంటలు దాటినవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికమని తేలింది.

ఈ హాని రెండు మార్గాలలో కలుగుతుంది. మొదటిది శరీరధర్మ మార్గం. విశ్రాంతి లేని ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు అధిక స్థాయిలో కొనసాగుతాయి. రక్తపోటు పెరిగి, కాలక్రమేణా రక్తనాళాలు దెబ్బతింటాయి. రెండవది అలవాట్ల మార్గం. అలసటను అణచుకోవడానికి పొగాకు, అతిగా టీ, మద్యం చేరువవుతాయి. వేళకు భోజనం, వైద్య పరీక్షలు దూరమవుతాయి. నిద్ర తగ్గడం ఈ రెండు మార్గాలనూ మరింత బలపరుస్తుంది.

నిద్ర: శాస్త్రీయ నేపథ్యం

నిద్రను నియంత్రించే వ్యవస్థను రెండు ప్రక్రియల కలయికగా 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ వివరించారు. మెలకువగా ఉన్న ప్రతి గంటా నిద్ర అవసరాన్ని పెంచుతూ పోవడం ఒకటి. వెలుతురు, చీకటులను అనుసరించి సుమారు 24 గంటల లయలో నడిచే దేహ గడియారం రెండవది. ఈ గడియారం జన్యుస్థాయిలో ఎట్లు పనిచేస్తుందో కనుగొన్నందుకు 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. రాత్రి పనిచేసి పగలు నిద్రించేవారిలో ఈ రెండు ప్రక్రియలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. శరీరం అలసి ఉన్నా, దేహ గడియారం మెలకువ సంకేతాలు పంపుతుంది. అందువల్ల పగటి నిద్ర సాధారణంగా చిన్నదిగా, తేలికగా ఉంటుంది.

వయోజనులకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రా వైద్య సంఘాలు 2015లో సిఫారసు చేసినవి. నిద్ర తగ్గినప్పుడు ఏమి జరుగుతుందో తెలిపే మూడు ప్రయోగ ఫలితాలను విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

1. ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్నవారి కంటి–చేతి సమన్వయం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధన చూపింది.

2. వరుసగా 14 రాత్రులు 6 గంటలు మాత్రమే పడుకోనిచ్చినప్పుడు ఏర్పడే ఏకాగ్రత లోపం, పూర్తిగా నిద్రలేని ఒకటి రెండు రాత్రుల లోపంతో సమానమని 2003లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తమ సామర్థ్యం అంతగా తగ్గిందని ఆ వ్యక్తులకు తెలియకపోవడం ఇందులో ముఖ్యమైన అంశం. ‘నాకు అలవాటైపోయింది’ అనే మాటను విస్తరణ సిబ్బంది ఈ వెలుగులో అర్థం చేసుకోవాలి.

3. ఆరోగ్యవంతులైన యువకులను వరుసగా 6 రాత్రులు 4 గంటల నిద్రకే పరిమితం చేసినప్పుడు వారి శరీరం చక్కెరను వినియోగించుకునే శక్తి క్షీణించిందని 1999లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. మధుమేహానికి, నిద్రలేమికి గల సంబంధాన్ని ఇది సూచిస్తుంది.

వీటికి తోడు, దేహ గడియారాన్ని భంగపరిచే షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ‘మానవులలో క్యాన్సర్‌కు బహుశా కారకం’ అనే వర్గంలో చేర్చి, 2019లో రాత్రి షిఫ్టు పనిని అదే వర్గంలో ఉంచింది.

ఉత్తర తెలంగాణలో నాలుగు పనిస్థలాలు

గని: సింగరేణిలో పని మూడు షిఫ్టులలో సాగుతుంది. ఇక్కడ రోజువారీ గంటలకు చట్టబద్ధమైన పరిమితి ఉన్నందున సమస్య గంటల సంఖ్యకన్నా పని వేళలకు సంబంధించినది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికునికి పిల్లల అల్లరి, రేకుల కప్పు కింది ఎండవేడి, శుభకార్యాలు, సొంత పొలం పనులు పగటి నిద్రను మిగల్చవు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే ముందుకు సాగే క్రమంలో షిఫ్టులు మారితే శరీరం కొంత సులువుగా సర్దుకుంటుంది. వెనుకకు మారే క్రమం మరింత కష్టం.

మగ్గం: సిరిసిల్ల మరమగ్గాలపై 12 గంటల షిఫ్టు వాడుకలో ఉన్న పద్ధతి. కూలి గుడ్డ మీటర్ల లెక్కన వస్తుంది గనుక విరామం తీసుకుంటే ఆదాయం తగ్గుతుంది. పగలు, రాత్రి షిఫ్టులు మారడం, ఎడతెగని మగ్గాల మోత, గంటల తరబడి నిలబడి అనేక మగ్గాల మధ్య తిరగడం కలిసినప్పుడు నిద్రభంగం, వినికిడి లోపం, నడుము, మోకాళ్ల నొప్పులు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

బీడీ చాట: బీడీలు చుట్టే పనికి కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కట్టలు కట్టడం అన్నీ ఒడిలోని చాట మీదనే జరుగుతాయి. వంట, పిల్లల పని ముగిసిన తరువాత రాత్రి దీపం వెలుగులో లెక్క పూర్తిచేయడం సాధారణం. మెడ, భుజం, నడుము నొప్పులకు తోడు పొగాకు ధూళి ద్వారా, చర్మం ద్వారా నికోటిన్ శరీరంలో చేరుతుంది. నికోటిన్ మెలకువను ప్రేరేపించే పదార్థం. కాబట్టి పొగ త్రాగని స్త్రీకి సైతం అది నిద్రకు అడ్డు కాగలదు.

పొలం: వ్యవసాయంలో గంటలు ఋతువును బట్టి మారతాయి. నాట్ల కాలంలో గుత్త పద్ధతిన ఎకరాల లెక్కన నాట్లు వేసే స్త్రీల బృందాలు తెల్లవారకముందే బయలుదేరతాయి. ఆదిలాబాద్ నల్లరేగడి చేలలో పత్తి ఏరేటప్పుడు కూలి కిలోల లెక్కన. యాసంగి వరి కోసిన తరువాత కొనుగోలు కేంద్రాలలో తూకం అయ్యేవరకు ధాన్యపు కుప్ప పక్కనే రాత్రులు గడపడం, అటవీ అంచు గ్రామాలలో అడవి పందుల నుండి మొక్కజొన్నను కాపాడుకోవడానికి మంచె మీద జాగారం చేయడం నిద్రను హరించే పనులే. ఇవేవీ పనిగంటలుగా ఎక్కడా నమోదు కావు.

స్త్రీల పనిదినం: ఒక నమూనా లెక్క

జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన సమయ వినియోగ సర్వే ప్రకారం, దేశంలో వేతనం లేని ఇంటిపనులలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటిపై వెచ్చిస్తున్నారు. ఈ తేడాను విస్మరించి కూలి గంటలను మాత్రమే లెక్కిస్తే స్త్రీల శ్రమలో పెద్ద భాగం కనిపించకుండా పోతుంది.

విద్యార్థుల సాధన కోసం ఒక ఊహాత్మక దినచర్యను పరిశీలిద్దాం. ఉదయం ఇంటిపని రెండున్నర గంటలు, చేనుకు రానుపోను ఒక గంట, పత్తి ఏరడం ఏడున్నర గంటలు, సాయంత్రం ఇంటిపని రెండు గంటలు, రాత్రి బీడీలు మూడు గంటలు అనుకొనిన మొత్తం 16 గంటలు. మిగిలిన 8 గంటలలో స్నానం, భోజనం, కొద్దిపాటి విశ్రాంతికి 2 గంటలు తీసివేస్తే నిద్రకు మిగిలేది గరిష్ఠంగా 6 గంటలు. దోమలు, ఉక్కపోత, పసిబిడ్డ కారణంగా అందులోనూ కొంత పోతుంది. ఆదాయం తెచ్చే పని మాత్రమే లెక్కిస్తే రోజుకు పదిన్నర, ఆరు రోజులకు 63 గంటలు. అంటే ఇంటిపనిని, ప్రయాణాన్ని పూర్తిగా వదిలివేసినా 55 గంటల ప్రమాద రేఖను ఆమె దాటినట్లే. వాటిని కలిపితే ఆరు రోజులకు 96 గంటలు.

అలసట, పురుగుమందు: ప్రాణాంతక కలయిక

2017 వానాకాలంలో ఆదిలాబాద్‌కు పొరుగున, పెన్‌గంగకు ఆవలనున్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందు పిచికారీ చేస్తూ 20 మందికి పైగా మరణించారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. మనిషి ఎత్తుకు పెరిగిన పత్తి, విషపూరిత మందుల మిశ్రమాలు, రక్షణ దుస్తులు లేకపోవడం గురించి విస్తృతంగా చర్చ జరిగింది. పిచికారీ చేసిన గంటల సంఖ్య కూడా అంతే ముఖ్యమైన అంశం. రోజు కూలికి వరుసగా అనేక రోజులు మందు కొట్టే వ్యక్తిలో విషం కొద్దికొద్దిగా చేరుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నాడీ సంకేతాలను నియంత్రించే కోలినెస్టరేజ్ ఎంజైమును అణచివేస్తాయి. అది కోలుకొనేలోపే మరునాటి పిచికారీ మొదలైతే ప్రభావం పేరుకుపోతుంది.

ఇక్కడ విస్తరణ సిబ్బంది గమనించవలసిన సూక్ష్మ విషయం ఒకటి ఉంది. తలనొప్పి, కళ్లు మసకబారడం, వికారం, చెమటలు, నీరసం ఈ విషప్రభావపు తొలి లక్షణాలు. రోజుకు పది గంటలు ఎండలో పనిచేసి, రాత్రి సరిగా నిద్రించని వ్యక్తికి ఇవి అలసట వలెనే తోస్తాయి. ‘కొంచెం పడుకుంటే తగ్గుతుంది’ అనుకొని ఇంటికి వెళ్లడంతో వైద్యానికి విలువైన గంటలు గడిచిపోతాయి. కనుక పిచికారీ చేసిన రోజున కలిగే నీరసాన్ని అలసటగా భావించక, మందు డబ్బాపై ఉన్న లేబుల్‌తో సహా వెంటనే ఆస్పత్రికి చేరుకోవాలని ప్రతి శిక్షణలోనూ చెప్పవలసి ఉంటుంది.

రాత్రి కరెంటు, నిద్ర: ఒక విధానపు పాఠం

వ్యవసాయ విద్యుత్తు విడతలవారీగా, అందులో కొంత రాత్రివేళ సరఫరా అయిన కాలంలో బోరు మోటారు వేయడానికి రైతు అర్ధరాత్రి పొలానికి వెళ్లేవాడు. నిద్రభంగంతో పాటు విద్యుదాఘాతం, పాముకాటు ప్రమాదాలు ఆ ప్రయాణంలో పొంచి ఉండేవి. 2000–2019 మధ్య భారతదేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీటిలో సగం జూన్–సెప్టెంబరు మాసాలలో జరిగినవే. అత్యధిక మరణాలున్న రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రాత్రి వెళ్లలేని రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు వచ్చినప్పుడు మోటారు తనంతట తానే నడిచేది, రైతు నిద్ర మిగిలేది. అయితే 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ సరఫరా ప్రారంభమైనప్పుడు, అవే స్టార్టర్లతో మోటార్లు నిరంతరం నడిచి భూగర్భజలం అడుగంటుతుందనే కారణంగా వాటిని తొలగించమని విద్యుత్ సంస్థలు రైతులను కోరినవి. సరఫరా రోజంతా ఉన్నచోట పగటిపూటే నీరు పెట్టుకొనే వీలు కలిగింది. రైతు నిద్ర ఒక వ్యక్తిగత అలవాటు మాత్రమే కాదని, సరఫరా వేళలను నిర్ణయించే విధానంపైనా అది ఆధారపడుతుందని, ఒక ప్రయోజనం మరొక వనరుపై భారం మోపవచ్చునని ఈ అనుభవం బోధిస్తున్నది.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

1. పనిగంటల పట్టిక: గ్రామ సర్వేలలో భూమి, పంట, ఆదాయ వివరాలతో పాటు 24 గంటల దినచర్యను నమోదు చేయాలి. నాట్లు, కలుపు, కోత, ఖాళీ కాలాలలో విడివిడిగా, స్త్రీ పురుషులకు వేర్వేరుగా తీసుకోవాలి. ఒకే సీజన్‌లో తీసిన లెక్క తప్పుదారి పట్టిస్తుంది.

2. సాంకేతికతకు గంటల కొలమానం: ప్రతి సిఫారసుకు దిగుబడి, ఖర్చుతో పాటు ‘ఎవరి గంటలు ఎన్ని పెరుగుతాయి, ఎవరివి ఎన్ని తగ్గుతాయి’ అనే లెక్క జోడించాలి. వరిలో వెదజల్లే పద్ధతి నాట్ల శ్రమను తొలగిస్తుంది, కాని కలుపు యాజమాన్యాన్ని పెంచుతుంది. నాట్లు, కలుపు కూలిపై ఆధారపడిన స్త్రీలకు తగ్గిన గంటలు అంటే తగ్గిన ఆదాయం. యజమాని రైతుకు విశ్రాంతి, కూలీకి నష్టం అయ్యే సందర్భాలను దాచక చర్చించాలి.

3. పిచికారీ నియమాలు: ముందురోజు రాత్రి సరిగా నిద్రించని వ్యక్తి మందు కొట్టరాదు. చల్లని ఉదయపు వేళల్లోనే పని ముగించాలి. ఒంటరిగా కాక ఇద్దరు ఉండాలి. ఒకే వ్యక్తి వరుస రోజులు పిచికారీ చేయకుండా వంతులు వేసుకోవాలి.

4. విశ్రాంతి: చెట్టు నీడన మధ్యాహ్నపు కునుకు బద్ధకం కాదు. 20–30 నిమిషాల కునుకు చురుకుదనాన్ని పెంచుతుంది. ఎండాకాలంలో నీరు, అంబలి, మజ్జిగ అందుబాటులో ఉంచి పనివేళలను ఉదయం, సాయంత్రాలకు మార్చుకోవాలి. నిద్ర కోసం మద్యం సేవించడం వల్ల కునుకు త్వరగా పట్టినా, రాత్రి రెండవ భాగంలో నిద్ర చెదిరిపోతుందని తెలియజేయాలి.

5. శిక్షణా వేళలు: పొలం పని ముగించి, వంట మొదలుపెట్టే వేళలో సమావేశం ఏర్పాటు చేసి ‘మహిళలు రాలేదు’ అని నమోదు చేయడం న్యాయం కాదు. దినచర్య పట్టికను చూసి వేళ నిర్ణయించాలి.

6. విస్తరణ సిబ్బంది: తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చొప్పున 2,601 క్లస్టర్లు ఏర్పడినవి. పంటల నమోదు, పథకాల వివరాల సేకరణ సీజన్‌లో రాత్రివరకు సాగే సిబ్బంది పనిగంటలను కూడా ఇదే పట్టికలో పరిశీలించాలి. నిద్రలేక ద్విచక్ర వాహనంపై గ్రామాలు తిరగడం వారికీ ప్రమాదమే.

గుర్తింపు ప్రశ్నలు

క్షేత్రస్థాయిలో నాలుగు ప్రశ్నలతో ప్రాథమిక అంచనా వేయవచ్చు: గత వారంలో 6 గంటలకన్నా తక్కువ నిద్రించిన రాత్రులు ఎన్ని? కూర్చున్నచోట లేదా బండి నడుపుతూ కునుకు పట్టిందా? మెలకువ కోసం టీ, పొగాకు పెరిగినవా? రక్తపోటు, చక్కెర పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు? మొదటి ప్రశ్నకు మూడు రాత్రులకు మించి, లేదా రెండవ ప్రశ్నకు అవునని సమాధానం వచ్చినచో ఆ కుటుంబ పనిభారాన్ని వివరంగా పరిశీలించి, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షలకు సూచించడం మంచిది.

ముగింపు

నేల సారాన్ని, నీటి మట్టాన్ని, పెట్టుబడిని కొలిచే పద్ధతులు మన విస్తరణ వ్యవస్థకు ఉన్నవి. ఆ పొలంలో శ్రమించే మనిషి రోజును కొలిచే పద్ధతి ఇంకా స్థిరపడవలసి ఉంది. దినచర్య పట్టికకు ఖర్చు దాదాపు లేదు, దానికి కావలసినది ఓపిక, అడిగే తీరు. గృహ విజ్ఞానం, వ్యవసాయ విస్తరణ, ఆర్థిక శాస్త్ర విభాగాల విద్యార్థులు జగిత్యాల సమీపంలోని పొలాస, ఆదిలాబాద్ వంటి పరిశోధన స్థానాల పరిధిలోని గ్రామాలలో ఒక పూర్తి పంట సంవత్సరంపాటు ఈ పట్టికలను సేకరించినచో, ఏ కాలంలో, ఏ పనిలో, ఎవరి నిద్ర ఎంత తగ్గుతున్నదో స్పష్టమవుతుంది. రాబోయే సాంకేతిక సిఫారసులకు దిగుబడి అంకెలతో సమానంగా ఆ వివరం అవసరం.